మూడు సెంచరీలు తక్కువ

మొన్న జూన్ నెలలో ఒక సాయంకాలం మేము ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూండగా వసారాలో మా మావయ్యా మా అబ్బాయీ ఏదో పేర్ల జాబితా చదువుకుంటున్నారు. చదివేది మా అబ్బాయి, తన ఫోనులో. వినేది మా మావయ్య, పడక కుర్చీలో కళ్ళు మూసుకుని. మనవాళ్ళు పెళ్ళి శుభలేఖల మీద పేర్లు సరిచూసుకునే పద్ధతిలోనే సాగుతోంది వ్యవహారం.

"ధోనీ ఉన్నాడు తాతా. హేడెన్ ఉన్నాడు. ఆమ్లా ఉన్నాడు. గ్రేమ్ స్మిత్ ఉన్నాడు. వెటోరీ ఉన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉన్నారు."

"లక్ష్మణ్ పేరుందేమో చూడరా."

"లేదు తాతా."

"తర్వాతి పేజీ చూడు."

"తర్వాతి పేజీ లేదు తాతా. అంతే జాబితా."

మావయ్య కళ్ళు తెరిచి, ఎదుటి గోడ మీది క్యాలెండరు వంక కొంచెంసేపు చూసి, "సరేలే, పై ఏడు చూద్దాం" అన్నారు. 2018 నుంచీ ప్రతి ఏడూ ఆయన ఈ మాటే అంటున్నారు.

ఇక్కడ ఒక సంగతి మనవి చేసుకోవాలి. ఈ వ్యాసంలో "మేము" అంటే ఒక్క మనిషే. గుమాస్తా అయినవాడు ఇరవై ఏళ్ళుగా "మా ఆఫీసువారు తమ లేఖను అందుకొనిరి" అని వ్రాసి వ్రాసి, "నేను" అనే అక్షరాలు వ్రాయబోతే చెయ్యి వణుకుతుంది. పాఠకులు మన్నించాలి.

జాబితా సంగతి. అంతర్జాతీయ క్రికెట్ మండలివారు తమ నూరేళ్ళ పండుగ సందర్భంగా 2009లో "హాల్ ఆఫ్ ఫేమ్" అని ఒకటి పెట్టారు. మన భాషలో కీర్తిమందిరం అనుకోవచ్చు. మొదటే 55 మందిని కూర్చోబెట్టారు. అందులో మనవాళ్ళు బేడీ, గవాస్కర్, కపిల్ దేవ్. ఆ తర్వాత కుంబ్లే 2015లో, ద్రావిడ్ 2018లో, టెండూల్కర్ 2019లో, వినూ మన్కడ్ 2021లో, సేవాగ్, డయానా ఎడుల్జీ 2023లో, నీతూ డేవిడ్ 2024లో, ధోనీ 2025 జూన్‌లో వెళ్ళారు. మొత్తం పదకొండుగురు. సరిగ్గా ఒక జట్టు. అందులో మన తెలుగువాడు ఒక్కడూ లేడని మా మావయ్య బాధ.

ఈ ఆచారం మొదట క్రికెట్టుది కాదట. అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి మనుమడు టెలిఫోనులో చెప్పాడు. అక్కడ బేస్ బాల్ అనే ఆటకు ఇలాంటి మందిరం న్యూయార్కు రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఉంది. బేబ్ రూత్ మొదలైన మొదటి అయిదుగురినీ ఎన్నుకున్నది 1936లో. (మన గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి ఒరిస్సాలో చేరిన ఏడు అదే. ఎవరు ఏ జాబితాలోకి ఎక్కుతారో తేల్చుకునే ఏడు కాబోలు అది!) అక్కడ పత్రికల్లో ఆటల గురించి వ్రాసేవారు ఓట్లు వేస్తారు. ఆటగాడు ఆట మానిన అయిదేళ్ళ తర్వాత పేరు చీటీ మీదికి వస్తుంది. నూటికి డెబ్భై అయిదు ఓట్లు రావాలి. పదేళ్ళలో రాకపోతే చీటీ మీది నుంచి పేరు తీసేస్తారు. ఆ పదేళ్ళూ దేశం దేశమంతా కాఫీ దుకాణాల్లో కూర్చుని, ఫలానివాడు లోపలికి వెళ్ళాలా అక్కర్లేదా అని తెగ వాదించుకుంటుందట. మా మావయ్యకు ఈ పద్ధతి బాగా నచ్చింది. "పోనీ, ఓడిపోయినా ఎన్ని ఓట్లు వచ్చాయో తెలుస్తుంది. మనకదీ తెలియదు" అన్నారు.

మా మావయ్యను గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ వ్యాసం నడవదు. మా అమ్మకు తమ్ముడు. బరంపురంలోనే ఒక ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేరి, లెక్కల గుమాస్తాగానే 2006లో విరమించారు. ఆయన చేతికింద పని నేర్చుకున్న ముగ్గురు హెడ్ గుమాస్తాలు అయ్యారు. ఆయన కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే, "ఆ పరీక్ష వ్రాయమన్నప్పుడల్లా మార్చి నెల వచ్చిపడేదిరా" అనేవారు. ఇది పూర్తి కారణం కాదని మాకు తెలుసు. మిగిలిన కారణం ఆయన చెప్పరు.

ఆ మార్చి నెలే ఆయనకు ఇంకొక నష్టం కూడా చేసింది.

2001 మార్చి 11న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలయింది. ఆస్ట్రేలియావారు అప్పటికి వరుసగా పదహారు టెస్టులు గెలిచి ఉన్నారు. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్ళు 445, మనవాళ్ళు 171. అందులో ఆరో స్థానంలో వచ్చిన లక్ష్మణ్‌వి 59. ఇంకా 274 పరుగులు తక్కువ కాబట్టి మళ్ళీ మనల్నే ఆడమన్నారు. మేము అప్పటికి మెట్రిక్ అయి, ఒక దుకాణంలో చిట్టా వ్రాసే పనిలో కొత్తగా చేరాము. ఆ మూడోరోజు సాయంత్రం మా మావయ్య ఇంటికి వెళ్తే, దూరదర్శన్‌లో ఆట నడుస్తోంది కానీ చూసేవాళ్ళు లేరు. మా అత్తయ్య చాటలో బియ్యం పోసుకుని టెలివిజను ముందే ఏరుతోంది. "ఆయన విసుక్కుని బజారుకు పోయారు" అంది.

ఆ ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్‌ని ఆరు నుంచి మూడుకు మార్చారు. ద్రావిడ్ మూడు నుంచి ఆరుకు దిగాడు. ఆ రోజు ఆట ముగిసేసరికి 4 వికెట్లకు 254. లక్ష్మణ్ 109, ద్రావిడ్ 7.

మర్నాడు బుధవారం. పద్నాలుగో తేదీ. మేము దుకాణంలో ఉన్నాము. పక్కన ఒక ఒడియా ఆయన పాన్ దుకాణంలో ట్రాన్సిస్టరు ఉండేది. పొద్దున పదింటికి ఎంతమంది ఉన్నారని అడిగితే ఇద్దరూ ఉన్నారన్నాడు. భోజనానికి వెళ్తూ అడిగితే ఇద్దరూ ఉన్నారన్నాడు. తిరిగి వస్తూ అడిగాము. టీ వేళకు అడిగాము. ఆఖరికి అతనే, మేము నోరు తెరవకముందే, రెండు వేళ్ళు చూపించి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ రోజంతా ఒక్క వికెట్టు పడలేదు. ఒక్కరోజులో 335 పరుగులు. లక్ష్మణ్ 275, ద్రావిడ్ 155, ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి మా మావయ్య హౌరా వెళ్ళే రైలు ఎక్కుతానన్నారు. మన స్టేషను నుంచి కలకత్తా ఆరువందల కిలోమీటర్లు. రాత్రి ఎక్కితే పొద్దున్న దిగవచ్చు. అయిదోరోజు ఆట చూసి మళ్ళీ రాత్రి బండికి వచ్చేయవచ్చు. మా అత్తయ్య పులిహోర కూడా కట్టింది. సంచీ సర్దుకున్నారు. చొక్కా తొడుక్కున్నారు. ఎనిమిదింటికి ఆఫీసు నౌకరు వచ్చి, పెద్ద దొరగారు మర్నాడు పొద్దున్నే మార్చి లెక్కలు చూస్తారని చెప్పి వెళ్ళాడు. మావయ్య చొక్కా విప్పి కొయ్యకు తగిలించారు. పులిహోర మేమందరం తిన్నాము. 

మర్నాడు జరిగింది లోకానికి తెలుసు. లక్ష్మణ్ 281 దగ్గర అవుటయ్యాడు. అప్పటికి మన దేశంవాళ్ళలో ఎవరూ అంత చేయలేదు. గవాస్కర్ 236ను దాటింది అదే. ఇద్దరూ కలిసి 376 పరుగులు. మనవాళ్ళు 7 వికెట్లకు 657 దగ్గర ఆపేసి ఆస్ట్రేలియాను 212కు పడగొట్టారు. ఆ మ్యాచిలో హర్భజన్‌కు 13 వికెట్లు. 171 పరుగుల గెలుపు. వెనకబడి మళ్ళీ ఆడవలసి వచ్చిన జట్టు టెస్టు గెలవడం అప్పటికి చరిత్రలో మూడోసారి మాత్రమే. మా మావయ్య ఆ సంగతి సాయంకాలం దాకా వినలేదు. పెద్ద దొరగారు నిజంగానే లెక్కలు చూశారు. పైసాతో సహా సరిపోయాయట.

ఈ ఒక్క ఆటతోనే మనిషిని కీర్తిమందిరంలో కూర్చోబెట్టాలంటే, అది అభిమానం అవుతుంది కాని లెక్క కాదు. లెక్కలే చూద్దాం. లక్ష్మణ్ 134 టెస్టులు ఆడాడు. 8,781 పరుగులు. సగటు 45.97. సెంచరీలు 17. యాభైలు 56. ఆస్ట్రేలియా మీద 29 టెస్టుల్లో 2,434 పరుగులు, ఆరు సెంచరీలు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా మీద ఇలా చేయగలిగినవాళ్ళు ఎంతమంది? ఒకరోజు ఆటల్లో మాత్రం 86 ఆటలకు 2,338 పరుగులే. ప్రపంచకప్పు ఒక్కటీ ఆడలేదు. 2003లో దక్షిణాఫ్రికాకు వెళ్ళవలసినవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టారు. పరుగెత్తడం నిదానం. ఇదీ ఒప్పుకోవాలి. 2011-12లో ఆస్ట్రేలియా వెళ్ళి నాలుగు టెస్టుల్లో 155 పరుగులే చేశాడు. ఇది కూడా చిట్టాలో ఖర్చు వైపు వ్రాయవలసిందే.

ఇక మందిరంవారి కొలత. బ్యాటింగువారికి 8,000 పరుగులూ 20 సెంచరీలూ ఉండాలి, లేదా సగటు 50 దాటాలి అని వాళ్ళు పెట్టుకున్న నియమం. పరుగులు ఉన్నాయి. సగటు నాలుగు తక్కువ. సెంచరీలు మూడు తక్కువ. ఆఫీసు భాషలో చెప్పాలంటే, దరఖాస్తు నిబంధనల ప్రకారం లేదు గనుక తిప్పి పంపడమైనది.

ఆ మూడు సెంచరీలు ఎక్కడ పోయాయో మా మావయ్యకు తెలుసు. ఆయన వేళ్ళ మీద లెక్కపెడతారు. అయిదో స్థానంలోనో ఆరో స్థానంలోనో వచ్చేవాడికి అవతలి కొసన నిలిచేది ఎవరు? బౌలర్లు. వాళ్ళను కాచుకుంటూ ఆడాలి. లక్ష్మణ్ 225 ఇన్నింగ్స్‌లో 34 సార్లు అవుటు కాకుండా మిగిలిపోయాడు. 2010 డిసెంబరులో డర్బన్‌లో ఆయన 96 చేస్తే మనవాళ్ళు 87 పరుగులతో గెలిచారు. సెంచరీ జాబితాలో ఆ 96 లేదు. అంతకు ముందు అక్టోబరులో మొహాలీలో చేసిన 73 కూడా లేదు.

మొహాలీ సంగతి మన బరంపురం వాళ్ళకు ప్రత్యేకం. ఆరోజు అక్టోబరు 5. ఆస్ట్రేలియా మీద 216 చేయాలి. లక్ష్మణ్‌కు నడుము పట్టేసింది. పరుగెత్తడానికి రైనాను తోడిచ్చారు. 124కు ఎనిమిది వికెట్లు పోయాయి. ఇశాంత్ శర్మను పెట్టుకుని ఇంకో 81 పరుగులు లాగాడు. 205 దగ్గర ఇశాంత్ కూడా పోయాడు. ఇంక పదకొండు కావాలి. వచ్చినవాడు ప్రజ్ఞాన్ ఓఝా. భువనేశ్వరంలో పుట్టి హైదరాబాదుకు ఆడినవాడు.

అప్పటికి మేము ఇప్పటి ఆఫీసులో ఉన్నాము. ఆ మధ్యాహ్నం కాగితాలు కదలలేదు. ఒడియా మిత్రులు ఒక పక్క, తెలుగువాళ్ళం ఒక పక్క. ఓఝా బ్యాటు పట్టుకుని దిగగానే ఒడియావాళ్ళు "ఆమ పిలా" అన్నారు. మన పిల్లాడు అని. మేము ఇటు లక్ష్మణ్ మావాడన్నాము. ఓఝా పరుగుకు రాకపోయేసరికి, ఎన్నడూ గొంతెత్తని లక్ష్మణ్ బ్యాటు పైకెత్తి వాడి మీద గట్టిగా కేకలు వేశాడు. ఆఫీసులో ఒక్క నిమిషం రెండు పక్కలా నిశ్శబ్దం. తర్వాత మా పక్కవాళ్ళే ఒకరు "పాపం, చిన్నవాణ్ణి అలా అనకూడదు" అన్నారు. అవతల పక్కవాళ్ళు "అనాలి, అనాలి, పరుగెత్తొద్దూ?" అన్నారు. ఎవరివాణ్ణి ఎవరు వెనకేసుకొస్తున్నారో తెలియకుండా పోయింది. ఓఝా కాళ్ళకు తగిలిందని పెద్ద అప్పీలు. కాదన్నాడు అంపైరు. వాళ్ళు విసిరిన బంతి వికెట్లకు తగలకుండా బౌండరీకి పోయింది. ఆఖరికి ఒక్క వికెట్టుతో గెలిచాము. ఆరోజు ఆఫీసుకు మిఠాయి తెచ్చిన ఆయన ఒడియానో తెలుగో ఇప్పుడు మాకు జ్ఞాపకం లేదు.

ఇలాంటివి లెక్కకు రావు. 73 అంటే 73. 

మరో సంగతి. 376లో సగం పంచుకున్న ద్రావిడ్ 2018లోనే మందిరంలోకి వెళ్ళారు. ఆయనకు అర్హత లేదని మేము అనము. ఆయనకు 13,288 పరుగులు, 36 సెంచరీలు. ఆయనను ఆపే నియమం ఎక్కడా లేదు. కానీ ఆ పద్నాలుగో తేదీన ఈ కొసన ఒకరూ ఆ కొసన ఒకరూ ఉన్నారు కదా.

మన తెలుగువాళ్ళలో లక్ష్మణ్ కన్న ముందు వరసలో నిలబడి ఉన్న పెద్దమనిషి ఇంకొకరున్నారు. సి.కె. నాయుడు గారు. 1895లో నాగపూరులో పుట్టి 1967లో ఇండోరులో కన్నుమూసిన తెలుగు బిడ్డ. మనలాగే ఆంధ్రదేశం బయట తరాలుగా స్థిరపడిన కుటుంబం. 1926లో బొంబాయిలో ఇంగ్లీషు జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 కొట్టారు. 1932లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడాయనే. మన క్రికెట్ బోర్డువారు 1994 నుంచి జీవితకాల సేవకు ఇచ్చే బహుమానానికి ఆయన పేరే పెట్టారు. ఆయన ఆడింది ఏడే టెస్టులు. చేసింది 350 పరుగులు. 8,000 అన్నచోట 350 అంటే గుమాస్తా కలం దించనైనా దించడు. 2025 జాబితా వరకూ ఆయన పేరూ లేదు.

ఇక లక్ష్మణ్ అవకాశాల మాట. మా అంచనా ఇది. వెంటనే రాదు. నియమం అక్షరాలా పట్టుకుంటే అసలే రాదు. కాని నియమాన్ని పక్కకు పెట్టి మనిషిని చూసే రోజు వాళ్ళకూ ఒకటి రావచ్చు. వినూ మన్కడ్ గారు పోయింది 1978లో. ఆయనను 2021లో పిలిచారు. నలభై మూడేళ్ళు పట్టింది. మావయ్యకు ఈ మాట చెబితే, "నాకిప్పుడు డెబ్భై ఏడు. నలభై మూడు కలుపు" అన్నారు. మేము కలపలేదు.

ఇంతవరకూ వ్రాసి ఇక్కడ ఆపేస్తే చదివేవారికీ మాకూ సుఖంగా ఉండును. అంతర్జాతీయ మండలివారిని నాలుగు మాటలని ఊరుకోవచ్చు. వాళ్ళు దుబాయిలో ఉంటారు, వచ్చి అడగరు. కాని ఆ జూన్ సాయంకాలం మా అబ్బాయి ఫోను పక్కన పెట్టి, "తాతా, మన సంఘం హాల్లో బోర్డు ఉంది కదా. అందులో మీ పేరు ఏ వరసలో ఉంది?" అని అడిగాడు. పిల్లవాడికి తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కుంటేనే వస్తుంది. బోర్డు మీద తాత పేరు తనకు కనబడకపోవడం తన చదువు తప్పు అనుకున్నాడు.

మావయ్య నవ్వి, "అందులో నా పేరెందుకుంటుందిరా?" అన్నారు. మేము లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాము. చాలాసేపు కడుక్కున్నాము.

ఆ బోర్డు సంగతి మన సభ్యులలో చాలామందికి తెలుసు. తెలియని సంగతి చెబుతాము.

2012 ఆగస్టు 18, శనివారం, లక్ష్మణ్ హైదరాబాదులో పత్రికలవారిని పిలిచి, ఇక ఆడనన్నాడు. న్యూజిలాండు మీద ఆడే జట్టులో అప్పటికే అతని పేరు ఉంది. అయిదు రోజుల్లో సొంత ఊళ్ళో, సొంతవాళ్ళ ముందు టెస్టు. అది ఆడి, దండలు వేయించుకుని మానుకోవచ్చు. కుర్రవాళ్ళకు చోటివ్వాలని ముందే తప్పుకున్నాడు. ఆ టెస్టులో పుజారా 159 చేశాడు. మనవాళ్ళు ఇన్నింగ్స్ తేడాతో గెలిచారు.

ఆ మర్నాడు ఆదివారం. మా మావయ్య సంఘానికి వెళ్ళి, బీరువా తాళాలూ, అప్పటివరకూ సరిచూసిన చిట్టా పుస్తకమూ బల్ల మీద పెట్టి, "ఇక కుర్రవాళ్ళు చూసుకోవాలి" అన్నారట. 1986 నుంచి ఇరవై ఆరేళ్ళు సంఘం లెక్కలు వ్రాసింది ఆయనే. జీతం లేదు, పదవీ లేదు. కోశాధికారిగా ఎవరు ఎన్నికైనా కలం మాత్రం ఈయన చేతిలోనే ఉండేది. అందరూ "అయ్యో, అప్పుడేనా?" అన్నారు. తర్వాత ఉగాది కవిసమ్మేళనం ఖర్చుల చర్చలోకి దిగారు. తప్పు పట్టవలసిందేమీ లేదు. ఆయన చెప్పిన తీరు అలాంటిది. రేపు వర్షం వస్తుందన్నట్టు చెప్పి ఉంటారు.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటింది. ఆ రాత్రి సంగతి గంజాం జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. హాలు పైకప్పు రేకులు సగం పోయాయి. గోడకున్న కొయ్య బోర్డు కింద పడి మూడు రోజులు నీళ్ళలో నానింది. అధ్యక్షులు, కార్యదర్శులు, వెయ్యిన్నూట పదహార్లూ అంతకు మించీ ఇచ్చిన దాతలు, ఇంతమంది పేర్లూ అందులో మాసిపోయాయి. బీరువాలోకి కూడా నీళ్ళు వెళ్ళాయి. కాని బీరువాలో పుస్తకాలు లేవు. తుపాను హెచ్చరికలు రాగానే మా మావయ్య, తాళాలు తనవి కాకపోయినా, కొత్త కోశాధికారిని వెంటబెట్టుకుని వెళ్ళి, చిట్టాలన్నీ రెండు గోనెసంచుల్లో వేసి రిక్షా మీద ఇంటికి తెచ్చి, అటక మీద పెట్టారు. ఆ వయస్సులో అటక ఎక్కింది కూడా ఆయనే.

2014లో బోర్డు మళ్ళీ వ్రాయించాలన్నారు. పాత పేర్లు ఎలా తెలుస్తాయి? ఆ చిట్టాల వల్ల తెలిశాయి. ఏ ఏట ఎవరు అధ్యక్షులు, ఎవరు ఎంత ఇచ్చారు, అంతా మావయ్య చేతి వ్రాతలో తేదీలతో సహా ఉంది. మా దస్తూరీ బాగుంటుందని, పెయింటరు కోసం పేర్లు తిరగ వ్రాసే పని మాకు అప్పగించారు. ఎనిమిది రాత్రులు కూర్చుని వ్రాశాము. ప్రతి పుటలోనూ ఆయన అక్షరాలే. దాతల పద్దుల్లో ఆయన పేరు రెండుసార్లు వచ్చింది. రెండూ అయిదువందల పదహార్లే. బోర్డుకు ఎక్కాలంటే ఒక్కసారిగా వెయ్యిన్నూట పదహార్లు కావాలి. నియమం.

వ్రాసిన కాగితం కార్యవర్గం ముందు చదివాము. అంతా విని, అధ్యక్షులవారు కళ్ళద్దాలు తీసి, "ఇంకెవరైనా మిగిలిపోయారా?" అని మమ్మల్నే అడిగారు.

"లేరండి" అన్నాము.

అప్పుడు అలా ఎందుకన్నామో చాలాసార్లు ఆలోచించాము. మన మావయ్య పేరు మనమే ఎత్తితే బాగుండదనుకున్నాము. నియమం అడ్డు వస్తుందనుకున్నాము. రాత్రి తొమ్మిదయింది, అన్నానికి లేటవుతోందనుకున్నాము. ఈ మూడింటిలో మూడోదే అసలు కారణం అయి ఉంటుందని మా అనుమానం. ఆ కాగితం పెయింటరు దగ్గరకు వెళ్ళింది. అధ్యక్షుల పేర్లు పసుపు రంగులో, మిగిలినవి తెలుపులో, చక్కగా వ్రాశాడు. పదకొండేళ్ళ నుంచి ఆ బోర్డు కిందే కూర్చుని సభలు చేసుకుంటున్నాము. లక్ష్మణ్‌కు మూడు సెంచరీలు తక్కువన్న మండలివారిని ఆ బోర్డు కింద నిలబడి మేమే ఎన్నోసార్లు దుయ్యబట్టాము.

జూలై మొదటి ఆదివారం మేము హాలుకు వెళ్ళి, స్కేలు పెట్టి బోర్డు కొలిచాము. దిగువన అయిదంగుళాల ఖాళీ ఉంది. రెండు వరసలు పడతాయి. "సంఘం లెక్కలు వ్రాసినవారు" అని ఒక శీర్షిక కొత్తగా చేర్చాలని కార్యవర్గానికి అర్జీ వ్రాశాము. 2014లో "లేరండి" అన్నది పొరపాటని కూడా అందులోనే వ్రాశాము. ఇవ్వబోయే ముందు మావయ్యకు చదివి వినిపించాము. ఈ వ్యాసం కూడా చదివాము.

వ్యాసంలో మేము మొదట లక్ష్మణ్ సగటు 46 అని వ్రాశాము. "45.97 అని వ్రాయి" అన్నారు. దిద్దాము.

అర్జీ మాత్రం ఒప్పుకోలేదు. "నాకు ముందు లెక్కలు వ్రాసినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు లేకుండా నా ఒక్కడి పేరు వ్రాస్తే నేను మళ్ళీ ఆ హాలు మెట్లెక్కను" అన్నారు. ఎవరు వాళ్ళు అని అడిగితే, ఒకాయనను తాను ఎరుగుదునన్నారు. ఆయన పేరు అర్జీలో చేర్చాము. ఆయనకంటే ముందు వ్రాసినాయనను మావయ్య కూడా చూడలేదు.

పోయిన ఆదివారం అటక మీది గోనెసంచీ దింపి అన్నిటికన్న పాత పుస్తకం తీశాము. మొదటి పుట మూల చెదలు తిన్నాయి. దస్తూరీ ముత్యాలకోవలా ఉంది. దిగువన సంతకం. ఇంటిపేరూ అసలు పేరూ చెదలు తినగా, ఆఖరి "రావు" మాత్రం మిగిలింది. బరంపురంలో రావులకు కొదవా? 1986కు ముందు మన సంఘం లెక్కలు వ్రాసినవారు మీ ఇళ్ళలో తాతలో ముత్తాతలో ఎవరైనా ఉంటే, లేదా పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పగా విని ఉంటే, ఆదివారం సాయంకాలం హాల్లో మమ్మల్ని కలిసి చెప్పవలెనని ప్రార్థన. సంతకం ఉన్న పుట మా దగ్గరే ఉంది. పాత ఉత్తరాలేమైనా ఉంటే తెండి, దస్తూరీ సరిచూద్దాం.